సీసాడు నీళ్ళ బరువు

దీపావళి వెళ్ళిన వారం ఒక ఉదయం నాకొక ఫిర్యాదు వచ్చింది, తెలుగులోంచి ఇంగ్లీషులోకి మార్చి పంపమని. పంపింది సముద్రాల అవతల ఉన్న ఒక పెద్ద అంతర్జాతీయ సంస్థ. చాలా దేశాల్లో పిల్లల తిండీ ఆరోగ్యమూ చూసుకునే సంస్థ అది. ఛత్తీస్‌గఢ్‌లో మా బిలాస్‌పూర్‌లో కూలిపనికి పోయే ఆడవాళ్ళ పిల్లల కోసం మంగ్లా పేట చివర ఒక బాలకేంద్రం నడుపుతోంది. పగలంతా పిల్లల్ని చూసుకోవడం, వేడి ఖిచిడీ పెట్టడం, నెలకోసారి బరువు చూడటం, బరువు మరీ తక్కువున్న పిల్లలకు బలానికి ప్రత్యేకమైన ఆహారం పొట్లాలు ఇవ్వడం అక్కడి పని.

ఫిర్యాదంటే రూళ్ళ కాగితం మీద పెన్సిలుతో రాసిన ఒకటిన్నర పేజీ. ఎవరో ఫోనుతో ఫోటో తీసి పంపారు. పైన ఆఫీసువాళ్ళ మాట రెండు ముక్కల్లో ఉంది. ఆ ప్రాంతంలో తెలుగు చదవగలిగినవాళ్ళు మా జాబితాలో మీరొక్కరే, వారంలోగా పంపండి, దీని గురించి ఎవరితోనూ మాట్లాడవద్దు.

టీ గ్లాసు పక్కన పెట్టుకుని తీరిగ్గా మొదలుపెట్టాను. అక్షరాలు గుండ్రంగా, ఒత్తులతో సహా పొందిగ్గా ఉన్నాయి. పాతకాలం రైల్వే తెలుగు బడిలో పలక మీద దిద్దినవాళ్ళ రాత అది, చూడగానే తెలిసిపోతుంది. ఈ కాలం పిల్లలకు ఇక్కడ తెలుగు మాట్లాడటమే గాని చదవడం రాదు. రాసిన మనిషికి అరవై దాటి ఉంటాయనుకున్నాను. పాపం ఎంత కష్టపడి రాసిందో అని ముచ్చటపడ్డాను కూడా.

"అయ్యలారా, నాను కేంద్రంలో వంట సేత్తాను. మా కాంటా ఆటోలోంచి కింద పడ్డాది. అప్పట్నుంచి బరువు ఎక్కువ సూపిత్తంది. ఎముకలు తేలిపోయిన గుంట కూడా బాగున్నాదని సూపిత్తంది. బాగున్నాదని పేరు కొట్టేత్తన్నారు. పేరు కొట్టేత్తే పొట్లాలు ఇవ్వరు. గోడకి కట్టిన ఫోటోలో ఉన్న ఆడగుంటని నాను రోజూ ఎత్తుకుంతాను. నా సేతులకి తెలుసు, అది ఏడు కిలోలు నేదు. పెద్దోళ్ళకి సెప్తే కాంటా కన్నా నీకెక్కువ తెలుసా అన్నారు. తెలుగులో ఎందుకు రాసినానంటే ఇక్కడ ఆఫీసులో ఎవరికీ సదవడం రాదు."

ఎంత తెలివి, అనుకున్నాను. తరువాతి పేజీకి వెళ్ళాను.

"వానాకాలంలో మీ మనిషి తనిఖీకొచ్చినాది. అద్దాలావిడ. మన తెలుగావిడే. కుళాయి కాడ సెయ్యి కడుక్కుంతుంటే నాను కాంటా సంగతి సెప్పినాను. అచ్ఛా, చూస్తాను అన్నాది. ఎల్లి అన్నం తిన్నాది. కారెక్కి ఎల్లిపోనాది. మీరు మల్లీ ఆవిడ్ని పంపొద్దు."

అద్దాలావిడ నేనే.

ముక్కు మీద అద్దాలు ఉన్నాయో లేవో అన్నట్టు చేత్తో తడుముకున్నాను, పిచ్చిదానిలా. మళ్ళీ చదివాను. మూడోసారీ చదివాను. ప్రతిసారీ ఆవిడ చెయ్యి కడుక్కుంటూనే ఉంది, అచ్ఛా అంటూనే ఉంది. లక్షల మంది పిల్లల్ని చూసే సంస్థ అది, ఎన్నో భాషల వాళ్ళు పనిచేస్తారు. వాళ్ళ మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే వినడానికి కొత్తగా ఒక విభాగం పెట్టుకున్నారు. ఆ విభాగానికి వచ్చిన ఈ ఉత్తరం అంత దూరం వెళ్ళి, తిరిగి తిన్నగా నా బల్ల మీదకే వచ్చి పడింది.

ఇది ఎలా జరిగిందో చెప్పాలి. అంతకుముందు ఆ సంస్థలో పద్ధతి ఏమిటంటే, పని చేసే విభాగమే తన పనిని చూసి లెక్కకట్టే మనుషుల్ని ఎంచుకునేది. కారు వాళ్ళే పంపేవారు, ఏ కేంద్రం చూడాలో వాళ్ళే చెప్పేవారు, భోజనం వాళ్ళే పెట్టేవారు. వానాకాలంలో నేను అలా వెళ్ళినదాన్నే. ఆ తరువాత పైవాళ్ళకు బుద్ధి పుట్టి, ఎవరి మాటా వినక్కర్లేకుండా నేరుగా పాలకమండలికే జవాబు చెప్పే వేరే విభాగం పెట్టారు. నా పేరు అనువాదకుల జాబితాలోకి మారింది. మాకు కంప్యూటరు మీద ఒక పూట పాఠం కూడా చెప్పారు. చూడబోయేవాళ్ళ ఇంట్లో తినకూడదు, వాళ్ళ బండి ఎక్కకూడదు, ముందుగా కబురు చెప్పకూడదు, వాళ్ళు చూపించినవాళ్ళనే చూడకూడదు. నేను ఆ పాఠం వింటూ నవ్వాను. కప్పు టీ తాగితే నిజం మారిపోతుందా, ఈ దొరలకు మన మర్యాదలేం తెలుసు అని మా నాన్నతో అన్నాను. అన్నాను నేనే, ఇంకెవరో కాదు.

వానాకాలంలో నేను వెళ్ళిన రోజు కేంద్రం నడిపే అమ్మాయి గేటు దగ్గరకే ఎదురొచ్చింది. పాతికేళ్ళు దాటి ఉంటాయి, రైల్వే క్వార్టర్లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల. "నమస్తే మేడమ్, మీరు మనోళ్ళేనట కదా! ఏ ఊరు మీది?" అంది. బిలాస్‌పూర్‌లో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే మొదట జరిగేది అదే. తాతలు ఎప్పుడో నూరేళ్ళ క్రితం రైలు పట్టాలు వెయ్యడానికి వచ్చి ఉంటారు, మనం పుట్టింది ఇక్కడే అయి ఉంటుంది, అయినా ఊరు చెప్పుకోవాల్సిందే. వాళ్ళ ఊరూ మా ఊరూ శ్రీకాకుళం వైపే, మధ్యలో ఒక్క ఏరు. అయిదు నిమిషాల్లో నేను పిన్నినైపోయాను.

"పిన్నీ, మధ్యాహ్నం మా ఇంట్లోనే భోజనం. మమ్మీ అప్పుడే వండేస్తోంది. నో అనొద్దు, మమ్మీ బురా మానేస్తుంది, కోపం తెచ్చుకుంటుంది."

అననే అనలేదు. ఎండు నెత్తళ్ళు వేసిన వంకాయ కూర అని చెప్పాక నాకు నో అనాలని తోచనైనా లేదు. మన తెలుగింట్లో తిననంటే ఎంత అవమానం! నా చేతిలో పదహారు ప్రశ్నల కాగితం ఉంది. పిన్ని అన్నాక ఆ పిల్లను నిలదీసి అడగడానికి నోరు రాలేదు. చాలా ప్రశ్నలకు నేనే జవాబులు నింపేశాను, ఎదురుగా కనిపిస్తున్నాయి కదా అని.

కాంటా దూలానికి వేలాడుతోంది. గుండ్రటి ముఖం, ఒక ముల్లు, కింద కొక్కెం. కొక్కేనికి గుడ్డ ఉయ్యాల తగిలించి పిల్లల్ని అందులో కూర్చోబెడతారు. ముల్లు సరిగ్గా సున్నా మీద ఉంది. నేను వంగి మరీ చూసి, కాగితంలో టిక్కు పెట్టాను. ఆ అమ్మాయి ఏడాది నిండిన ఒక ఆడపిల్లను తెచ్చి ఉయ్యాలలో కూర్చోబెట్టింది. "ఈ పాప మా సక్సెస్, పిన్నీ. చాలా వీక్‌గా ఉండేది, ఇప్పుడు లిస్టులోంచి తీసేశాం." ముల్లు ఏడు దాటి రెండు గీతల దగ్గర ఆగింది. పిల్ల గాల్లో ఊగుతూ నవ్వింది. ఆ రోజు పనికి పోకుండా ఆగిన తల్లి పక్కనే నిలబడి చూస్తుంటే నేను ఫోటో తీశాను. పిల్లా, నవ్వూ, ముల్లూ అన్నీ చక్కగా పడ్డాయి. నా నివేదిక మొదటి పేజీ మీద ఆ ఫోటోయే పెట్టాను.

ఇక కుళాయి. ఉత్తరం చదివేదాకా నాకు కుళాయి గుర్తే లేదు. చదివాక అంతా కళ్ళకు కట్టింది. ముదురు పచ్చ చీర, నెరిసిన జుట్టు ముడి, చేతిలో గరిట. "అమ్మా, ఆ కాంటా మీద నాకు నమ్మకం నేదమ్మా" అంది వంటామె. నేను సబ్బు నురగ కడుక్కుంటూ "అచ్ఛా, చూస్తాను" అన్నాను. అబద్ధం ఎక్కడుంది ఆ ఉత్తరంలో? ఒక్క అక్షరం లేదు.

ఉత్తరం వచ్చిన రోజు చేయాల్సింది ఏమిటో నాకు తెలియక కాదు. ఇది నా మీద ఫిర్యాదు, దీన్ని నేను ముట్టుకోకూడదు, వేరేవాళ్ళకు ఇవ్వండి అని ఒక్క ముక్క రాసి పంపాలి. అంతే. నేను లాప్‌టాప్ మూసేసి బీరువా సర్దుకున్నాను. రెండో రోజు అనువాదం చేశాను. "అద్దాలావిడ" అన్నచోట "ఒక సందర్శకురాలు" అని పెట్టాను. "ఎల్లి అన్నం తిన్నాది" అన్న మాట తీసేశాను. అది ఫిర్యాదుకు సంబంధం లేని మాట అని నాకు నేనే చెప్పుకున్నాను. మూడో రోజు "కాంటా సంగతి సెప్పినాను" అన్న వాక్యం మీద చెయ్యి పెట్టి, చెరిపి, మళ్ళీ రాసి, మళ్ళీ చెరిపాను. చెరుపుతున్న వేళ్ళు నావేనా అనిపించింది. ఇన్నాళ్ళూ ఎవరైనా అడిగితే నేను నిజాయితీపరురాలిననే చెప్పేదాన్ని, సిగ్గులేకుండా.

నాలుగో రోజు మా నాన్న పట్టుకున్నాడు. ఆయన నా దగ్గరే ఉంటాడు, ఉస్లాపూర్‌లో మా ఇంట్లో. పార్సిల్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు.

"ఏటమ్మా, నాలుగు రోజులై సూత్తన్నాను, అన్నం ముందు కూసుంతావు, లేసిపోతావు. ఏటైనాది?"

ఎవరితోనూ మాట్లాడవద్దన్నారు. నేను మాట్లాడాను. అదీ తప్పే, ఆ తప్పుల వరసలో అది చిన్నది. మొత్తం చెప్పాను. ఆయన అడ్డు రాకుండా విన్నాడు. చివర ఒక్కటే అడిగాడు.

"కాంటా మీద బరువెట్టి సూసినావా?"

"ముల్లు సున్నా మీదే ఉంది నాన్నా. వంగి చూశాను."

"సున్నా మీద నేకపోతే గుడ్డోడికైనా తెలుత్తాది. లోపల స్ప్రింగు సాగిపోనా ముల్లుని సున్నా మీదికి తిప్పెట్టొచ్చు, బరువెడితే మాత్రం తప్పు సెప్తాది. బరువెట్టి సూసినావా అంతన్నాను."

మా నాన్న ఉద్యోగం చేసినన్నాళ్ళూ పొద్దున్న పార్సిల్ ఆఫీసు తెరవగానే మొదట చేసిన పని, ఇనప తూకపురాయి కాంటా మీద పెట్టి చూడటం. అది అయ్యేదాకా ఎంత పెద్ద వ్యాపారి వచ్చినా మూట దించనిచ్చేవాడు కాదు. మా ఇంట్లో ఆయన తూచని వస్తువు లేదు. అమ్మ రుబ్బురోలు పొత్రం, కుక్కరు, దీపావళి పటాసుల పెట్టె, ప్రతి పుట్టినరోజుకూ నేను. నన్ను కాంటా ఎక్కించేముందు కూడా రాయి పెట్టి చూసేవాడు. నేను ఒంటికాలి మీద గెంతుతూ త్వరగా నాన్నా అనేదాన్ని.

"అక్కడ తూకపురాళ్ళు ఎక్కడుంటాయి నాన్నా?"

"నీ సంచీలో నీళ్ళ సీసా నేదా ఆ రోజు?"

ఉంది. ఉస్లాపూర్ స్టేషన్ బయట కొన్న లీటరు సీసా, మూత కూడా తియ్యలేదు.

"ఉంది" అన్నాను.

"లీటరు నీళ్ళు కిలో. సిన్నప్పుడే సెప్పినాను కదే నీకు. కొక్కేనికి ఆ సంచీ తగిలిత్తే సాలు, ఆ కాంటా బుద్ధి బయటపడిపోను." నన్ను జీవితంలో ఎప్పుడూ తిట్టని మనిషి. కంచం ముందు నుంచి లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా పెరట్లోకి వెళ్ళిపోయాడు.

అరలీటరు కాదు, పావు లీటరు కాదు, సీలు తియ్యని లీటరు నీళ్ళు నా భుజానికి వేలాడుతూ ఉన్నాయి, కాంటాకు అడుగు దూరంలో. నాకు పుట్టుకతో తెలిసిన విద్య అది. ఆ పూట ఎక్కడికి పోయింది? వంకాయ కూరలోకి పోయింది.

లాప్‌టాప్ తెరిచి, నేను చేసిన అనువాదం చించిపారేసినంత కోపంగా తుడిచేసి, ఆఫీసుకు నిజం రాశాను. ఈ ఉత్తరంలో ఉన్న మనిషిని నేనే, నాలుగు రోజులు దాచాను, మాటలు మార్చబోయాను. గంటలో ఫోను వచ్చింది. ఆ కొత్త విభాగం పెద్ద, ఒకావిడ, నింపాదిగా ఇంగ్లీషులో మాట్లాడింది. తిడుతుందేమోనని చూశాను. తిట్టలేదు.

"ఈ ఉత్తరం మీ దగ్గర ఎన్ని రోజులుంది?" అని అడిగింది.

"నాలుగు."

"మీ పేరు మేము ముందే సరిచూసుకుని ఉండాల్సింది. ఆ తప్పు మాది. నాలుగు రోజులు మాత్రం మీవి" అని ఫోను పెట్టేసింది.

మూడో రోజుకల్లా ఇద్దరు మనుషులు వచ్చారు, వేరే రాష్ట్రం నుంచి. ఒకాయన చేతిలో కాగితాలు, ఒక నర్సమ్మ చేతిలో ఇనప తూకపురాళ్ళూ కొత్త కాంటా. కేంద్రానికి కబురు చెప్పలేదు, ఆటోలో దిగారు. నన్ను కూడా రమ్మన్నారు, చూడటానికి కాదు, అడిగినదానికి జవాబు చెప్పడానికి. నన్ను చూడగానే ఆ అమ్మాయి ముఖం వికసించింది. "అరే పిన్నీ! ఒక్క మాట చెప్పలేదేంటి?" అంది. అప్పుడు చూశాను, కాంటా వెనక గోడ మీద ఫ్రేము కట్టి పెట్టిన కాగితం. నా నివేదిక మొదటి పేజీ. పిల్లా, నవ్వూ, ముల్లూ.

నర్సమ్మ అయిదు కిలోల రాయి కొక్కేనికి తగిలించింది. ముల్లు గిర్రున తిరిగి ఆరుకు ఒక్క గీత తక్కువలో నిలబడింది. తీసి మళ్ళీ తగిలించింది. మళ్ళీ అక్కడే.

"అలా ఎలా? ముల్లు నేనే సరిచేశాను కదా!" అంది అమ్మాయి. "కింద పడ్డాక కొంచెం పక్కకి జరిగింది, వెనకాల స్క్రూ తిప్పి సున్నాకి తెచ్చాను. నేనే తెచ్చాను, పిన్నీ!" అంతలోనే తను చెప్పింది ఏమిటో తనకే అర్థమైంది. గోడకు ఆనుకుని నేల మీద కూలబడిపోయింది. దొంగ కాదు ఆ పిల్ల. కాంటా పాడైందని రాస్తే కేంద్రానికి మార్కు తగ్గుతుందని భయపడింది, స్క్రూ తిప్పితే బాగైపోయిందని నిజంగానే నమ్మింది. తరువాత పిల్లల బరువులు వరసగా పెరుగుతుంటే తన కష్టం ఫలించిందనుకుంది. నేను వచ్చి ఆ మాటే అచ్చువేయించి ఇచ్చాను.

అప్పుడు వంటామె టీ పళ్ళెంతో వచ్చింది. ఉత్తరం రాసింది ఎవరో అక్కడ ఎవరూ పైకి అనలేదు, అందర్నీ విడివిడిగా అడుగుతున్నారు. వచ్చినవాళ్ళిద్దరూ చేతులు జోడించి వద్దన్నారు. నా చెయ్యి మాత్రం అలవాటుకొద్దీ ముందుకు వెళ్ళింది. ఆవిడ పళ్ళెం వెనక్కి లాక్కుంది.

"నీకియ్యనమ్మా" అంది, నాకొక్కదానికే వినబడేట్టు. "ముందు ఆల్లడిగిందానికి జవాబు సెప్పు."

ఒక తెలుగింటి ఆడమనిషి ఇంకో తెలుగుదానికి టీ ఇవ్వనంది. నా యాభై ఏళ్ళలో వినలేదు, కనలేదు. చాచిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కాంటా పడినప్పటి నుంచి కొట్టేసిన పేర్లన్నీ ఒక్కొక్కటే చదివారు. పనుల మీద ఉన్న తల్లుల్ని పిలిపించి, పిల్లల్ని కొత్త కాంటాలో తూచి, తక్కువున్నవాళ్ళకు అక్కడికక్కడే పొట్లాలు ఇచ్చారు. ఒక పేరుకు మాత్రం ఎవరూ రాలేదు. ఫోటోలో పిల్ల పేరు.

"ఆల్లు నిన్న ఎల్లిపోనారు" అంది వంటామె. "యూపీలో ఇటుకబట్టీకి. ఉస్లాపూర్‌లో కట్నీ బండెక్కినారు, తల్లీ తండ్రీ గుంటా. ఏ బట్టీయో ఎవరికి తెలుసు, మేస్త్రీ ఎక్కడికి తోల్తే అక్కడికే."

నిన్న. ఆ మాట నా చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఉత్తరం వచ్చిన పూటే నేను ఆ ఒక్క ముక్క రాసి ఉంటే ఈ మనుషులు మూడు రోజుల ముందే ఇక్కడ ఉండేవారు. పిల్ల ఇక్కడే, ఈ చాప మీదే ఉండేది. నేను బీరువా సర్దుకున్న రోజు, సందర్శకురాలు అని టైపు కొట్టుకున్న రోజు, ఆ తల్లి మా ఇంటికి కిలోమీటరు దూరంలో ఉన్న స్టేషన్ నుంచి బయల్దేరడానికి గిన్నెలు మూట కట్టుకుంటోంది.

కాగితాలాయన ఫ్రేము గోడ మీద నుంచి దించి నా చేతికిచ్చాడు. "మీ ఫోటోలో ముల్లు ఎక్కడుందో చదవండి" అన్నాడు.

"ఏడు కిలోల రెండు వందలు."

ఆయన లెక్కకట్టి, పక్కన అసలు బరువు రాశాడు. ఆరు కిలోల ఒక వంద. ఏడాది నిండిన పిల్లకు ఆ బరువంటే వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి, అంది నర్సమ్మ. అటువంటి పిల్లను నేను బాగుందని అచ్చువేయించాను, నవ్వుతోంది చూడండి అని.

నా నివేదికను సంస్థ వెనక్కి తీసుకుంది. నేను చేసినదంతా నా మాటల్లోనే రాసి ఇమ్మన్నారు, ఇచ్చాను. జాబితాలోంచి నా పేరు తీసేశారు, మంచి పని చేశారు. ఇప్పుడు వాళ్ళ కేంద్రాలన్నిట్లో పొద్దున్నే తూకపురాయి తగిలించి చూశాకే పిల్లల్ని తూస్తారట. మా నాన్న అది విని, పార్సిల్ ఆఫీసులో మూటలకు అంత మర్యాద ఎప్పట్నుంచో ఉంది అన్నాడు. బట్టీలున్న జిల్లాల ఆఫీసులకు సంస్థవాళ్ళు ఆ కుటుంబం కోసం కబుర్లు పంపారు. చలికాలం పోయింది, ఎండలు ముదిరాయి, ఎక్కడి నుంచీ జవాబు రాలేదు.

బట్టీలకు పోయినవాళ్ళు వానల ముందు తిరిగొస్తారు. ఏ బండ్లకు వస్తారో మా నాన్నకు నోటికి వచ్చు. మృగశిర దగ్గరపడ్డ దగ్గర్నుంచి రోజూ పొద్దున్నే ఇద్దరం ఉస్లాపూర్ స్టేషన్‌కు వెళ్ళి కూర్చునేవాళ్ళం. ఆయన ఒక మాట అనేవాడు కాదు, నేనూ అనేదాన్ని కాదు. గుంపులు గుంపులుగా దిగేవారు, నెత్తిన మూటలు, చంకన పిల్లలు. ప్రతి చంకా చూసేదాన్ని. చంకన బిడ్డ లేకుండా దిగిన ఆడదాన్ని చూస్తే పరుగెత్తి వెళ్ళి ఆపి, ఏ పేటవాళ్ళని అడిగేదాన్ని.

పదకొండో రోజు దిగింది. నేను గుర్తుపట్టలేదు, తనే పట్టింది. "ఫోటోవాలీ మేడమ్!" అని కేకేసి, నవ్వుతూ నా ఎదురుగా వచ్చి నిలబడింది. చంకన పిల్ల ఉంది. తల్లి గబగబా కొంగుతో దాని ముఖం తుడిచి, జుట్టు సవరించి, ఎత్తి చూపించింది, మళ్ళీ ఫోటో తీస్తానని. పిల్ల ఈసారి నవ్వలేదు. తల పెద్దది, మెడ సన్నం, చేతులు పుల్లలు.

బతికి ఉంది. నా మనసుకు ముందు అదొక్కటే తెలిసింది. ఒకసారి తూస్తానని సైగ చేశాను. స్టేషన్ బయట కూరగాయలమ్మే ఆయన కాంటా ఉంది, పళ్ళెం ఉన్నది.

"ముందు సీసా ఎట్టు" అన్నాడు నాన్న.

సీలు తియ్యని లీటరు సీసా పెట్టాను. కాంటా సరిగ్గా చెప్పింది. తీసేసి పిల్లను కూర్చోబెట్టాను. ఆరు కిలోల తొమ్మిది వందలు.

తల్లి ముఖంలో నవ్వు మాయమైంది. వాళ్ళ ఛత్తీస్‌గఢీలో వడివడిగా అంది, "మీరు తూచినప్పుడు ఏడు కిలోల రెండు వందలు కదా? నాకు గుర్తుంది. తగ్గిపోయిందా? నేను పెట్టాను మేడమ్, నేను తినకపోయినా దీనికి పెట్టాను. ఒట్టు. నేను తగ్గించలేదు." పిల్లను పళ్ళెంలోంచి లాక్కుని గుండెకు హత్తుకుంది, నేను తప్పు పట్టి ఎత్తుకుపోతానేమో అన్నట్టు. ఇటుకల దుమ్ము నిండిన చేత్తో తన నోరు తనే కొట్టుకుంది.

ఏడు నెలలు బట్టీలో, తన కూడు తగ్గించుకుని, ఆరు కిలోల పిల్లను దాదాపు ఏడు కిలోలు చేసింది ఆవిడ. ఇప్పుడు నా ముందు దొంగలా నిలబడి ఏడుస్తోంది.

మా నాన్న నా వైపు చూస్తున్నాడు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుని నోటి మీద నుంచి దించాను.

"నువ్వు తగ్గించలేదమ్మా" అన్నాను. "ఆ రోజు ఏడు కిలోలు లేదు. ఆరే. నేను సరిగ్గా చూడకుండా రాశాను. పద, ముందు ఆసుపత్రికి వెళ్దాం. అంతా దారిలో చెప్తాను."

నాన్న అప్పటికే ఆటోను పిలిచాడు.